విశ్వవిద్యాలయ గ్రంథాలయమున విద్యార్థుల పనిశాల



నెల్లూరు తీరమందలి మన మత్స్యకార గ్రామములనుండి బిడ్డలు కళాశాలలకు బోవుట నేడు అరుదు కాదు. కాని వారికి పుస్తకముతో గలిగిన చెలిమి పనిముట్టుతో గలుగుట లేదు. ఇంటికడ తండ్రి వల యల్లును, పడవ మోటారును విప్పి బిగించును. పట్టము బొందిన కుమారునకు ఆ విద్య చిన్నతనముగ దోచును. ఈ రెండు విద్యలను ఒక్కచోట గూర్చు సాధనము కలదు. విశ్వవిద్యాలయ గ్రంథాలయమున విద్యార్థులకు పనిశాల నేర్పఱచుటయే యది. దీనినే మేకర్‌స్పేస్ అనుచున్నారు.

పుస్తకముల బీరువాల ప్రక్కగదిలో వడ్రంగి పనిముట్లు, కుట్టుమిషను, తీగల నతుకు సోల్డరింగ్ కడ్డీ, ప్లాస్టిక్ తీగను కరగించి పొరమీద పొరగ వస్తువును రూపొందించు త్రీడీ ప్రింటరు ఉండును. అమెరికాలో రీనో నగరమందలి నెవాడా విశ్వవిద్యాలయపు డిలమేర్ గ్రంథాలయము 2012లో ఇట్టి ప్రింటర్లను విద్యార్థులందఱకు అందుబాటు చేసినది. మన దేశముననే మహారాష్ట్రలోని పాబల్ గ్రామమందు, విజ్ఞాన్ ఆశ్రమములో 2002 నాటికే ఫ్యాబ్ ల్యాబ్ వెలసినది. కావున పల్లెవారి కిది యందని పండు కాదు.

గ్రంథాలయముననే యేల యని యడుగవచ్చును. ప్రయోగశాల తాళపుచెవి ఆయా శాఖలవారి యొద్ద నుండును. తెలుగు చదువు విద్యార్థిని యందు కాలిడుట కష్టము. గ్రంథాలయ మొక్కటియే యే శాఖకును గాక అందఱకును చెందినది. గ్రంథాలయము నానాట పెరుగునట్టి జీవమని రంగనాథన్ గారు 1931లోనే సూత్రీకరించిరి. పెరుగుట యనగా బీరువాలు హెచ్చుట మాత్రమే కాదు.

నెల్లూరు చెంత కాకుటూరున విక్రమ సింహపురి విశ్వవిద్యాలయమున్నది. అది 2008లో స్థాపితమైనది. దాని చుట్టుపట్లనే మన జిల్లా రొయ్యల చెఱువులు గలవు. రాత్రివేళ వెలుతురు లేమి నీటిలోని నాచు ప్రాణవాయువు నీయక తానే పీల్చును. తెల్లవాఱుజామున రొయ్య తల్లడిల్లును. ఈ కారణము పుస్తకమున దొరకును. కాని ప్రాణవాయువును గొలుచు పరికరమును చేసి చెఱువున ముంచిన వానికే, మూతికి జిగురు పట్టి కొలత తప్పుననియు, ఉప్పుగాలికి అతుకులు చెడుననియు తెలియును. చదువు అచట పూర్తియగును.

సంఘధనముతో మన కులపు బాలురకే ప్రత్యేకముగ ఒక శాల గట్టింతమని కొందఱు పెద్దలు సూచించిరి. వారి వాత్సల్యము నెఱుగుదుము, ఐనను సమ్మతింపజాలము. తమవారితోనే మెలగినవాడు తమవారి విద్యనే నేర్చును. మన కుఱ్ఱవాడు ఇతరుల బిడ్డలకు వలముడి నేర్పి, కంసాలి యింటి బిడ్డయొద్ద అతుకుపని నేర్చుకొన్ననాడు గదా మన కులవిద్యకు నలుగురిలో గౌరవము! బాలికలకును అందు సమాన ప్రవేశ ముండవలెను.

ఇక ధనవిషయము. 2016లో ఆరంభమైన అటల్ ఇన్నోవేషన్ మిషన్ పాఠశాలల టింకరింగ్ ల్యాబునకు 20 లక్షల రూపాయలు నిర్ణయించి, అందు 10 లక్షలు స్థాపనకును, తక్కిన 10 లక్షలు ఐదేండ్ల నిర్వహణకును కేటాయించినది. ఇందలి నీతి మన పోషకులు గ్రహింపదగినది. యంత్రమును కొనియిచ్చి శిలాఫలకము వేయించుట సులభము. ముడిసరుకునకును, నేర్పరియైన పర్యవేక్షకుని జీతమునకును ఏటేట నిచ్చువారు లేనిచో ఆ యంత్రము గాజుబీరువాలో బొమ్మయగును.

కావున మేము కోరునది మూడు. యంత్రమునకు ఒక రూపాయి యిచ్చువారు నిర్వహణకు మఱియొక రూపాయి యీయవలెను. తరగతులు ముగిసిన సాయంకాలములందు శాల తెఱచియుండవలెను. పనిలో విరిగిన పనిముట్టునకు విద్యార్థిని దండింపరాదు. విరుగునను భయమున్నచోట నెవడును నేర్వడు. ఈ మూడు నియమములతో విశ్వవిద్యాలయమువారికి విన్నపము పంపుటకు ఈ మహాసభ తీర్మానింపవలెనని ప్రార్థించుచున్నాము.