నీ పేరు వెనుక ఉన్న ప్రార్థన

మీ పేరు మీకెవరు పెట్టారు? ఎందుకు పెట్టారు? ఒక్క నిమిషం జ్ఞాపకం చేసుకోండి.

ఆఫ్రికాలోని నైజీరియా దేశపు ఆగ్నేయ ప్రాంతంలో ఇగ్బో ప్రజలు నివసిస్తారు. వారిలో చాలామంది పేర్లు పూర్తి వాక్యాలు. 'చుక్వుఎమెకా' అంటే దేవుడు గొప్ప మేలు చేశాడు అని అర్థం. 'ఓన్యిన్యెచుక్వు' అంటే దేవుని బహుమానం. మన సంఘాల్లోని దేవదానం అనే పేరు కూడా అదే కదా! తల్లి అన్నానికి పిలిచినా ఆ పిలుపు ఒక స్తుతి అవుతుంది.

అయితే పేర్లన్నీ సంతోషంలో పుట్టినవి కావు. 'ఓన్వుబికో' అంటే 'మరణమా, నిన్ను బతిమాలుకుంటున్నాను' అని. 'ఓజోఎమెనా' అంటే 'ఇలాంటిది మరల జరగకుండును గాక' అని. మన పల్లెల్లో పుట్టిన బిడ్డలు దక్కని తల్లి, తరువాతి బిడ్డను పెంటకుప్ప మీద పడుకోబెట్టి, పెంటయ్య అని పిలుచుకునేది. ఆ పేరు విని నవ్వినవారున్నారు. ప్రియులారా, అది నవ్వవలసిన పేరా? అది ఒక తల్లి కన్నీరు.

పేరును లాగివేస్తే ఏమవుతుంది? ఒలౌడా ఎక్వియానో అనే ఆయన తాను ఇగ్బో బిడ్డనని, చిన్నతనంలోనే బానిసగా అమ్మబడ్డానని 1789లో అచ్చయిన తన జీవిత కథలో రాసుకున్నాడు. యజమానులు మొదట మైఖేల్ అన్నారు, తరువాత జేకబ్ అన్నారు, ఆపైన గుస్టావస్ వాసా అన్నారు. ఆ చివరి పేరుకు పలకనన్నందుకు దెబ్బలు తిన్నాడు. బబులోనులో దానియేలుకు జరిగిందీ ఇదే కదా! మనిషిని లొంగదీయాలనుకున్నవాడు ముందు అతని పేరు మార్చుతాడు.

ఇక మనల్ని మనం పరీక్షించుకోవలసిన మాట ఒకటుంది. ప్రఖ్యాత రచయిత చినువా అచెబె 1930లో ఒక సువార్తికుని ఇంట జన్మించాడు. బాప్తిస్మంలో ఆయనకు ఆల్బర్ట్ అని పేరు పెట్టారు. అది విక్టోరియా రాణి భర్త పేరు. విశ్వవిద్యాలయంలో చదివే రోజుల్లో ఆయన దానిని విడిచి, ఇగ్బో పేరునే ఉంచుకున్నాడు. చినువా అనేది 'చినువాలుమోగు' అనే పేరుకు పొట్టి రూపం. దాని అర్థం 'దేవుడు నా పక్షమున పోరాడును గాక'. చూశారా! విడిచిపెట్టినది ఒక రాజకుటుంబీకుని పేరు, నిలుపుకున్నది ఒక ప్రార్థన. మరి ఆ రెండింటిలో భక్తిగల పేరు ఏది?

ఇగ్బోవారిలో 'అహమెఫులా' అనే పేరు ఉంది. 'నా పేరు నశించకుండును గాక' అని దాని అర్థం. బిడ్డ ద్వారా తన వంశం నిలవాలని తండ్రి కోరుకునే కోరిక అది. కానీ అక్షరాలు మిగిలి అర్థం మరచిపోతే ఆ పేరు నిలిచినట్టేనా?

కాబట్టి ఈ రాత్రి మీ ఇంట్లో ఒక పని చేయండి. పెద్దవారి దగ్గర కూర్చొని, 'నాకు ఈ పేరు ఎందుకు పెట్టారు?' అని అడగండి. వారు ఉన్నప్పుడే అడగండి. ఆ కథను మీ పిల్లలకు చెప్పండి. మరెవరి పేరైనా వింతగా వినబడితే, నవ్వక ముందు దాని అర్థమేమిటో అడగండి. ఆ పేరులో ఒక ఇంటి ప్రార్థన ఉండవచ్చును.