తెల్లబంతి ఎక్కడ ఆగింది?

(సంఘం వార్షిక సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి మాట్లాడటానికి ఈ సభలో నాకన్నా సమర్థులు చాలామంది ఉన్నారు. నేను ఒక ఆట గురించి మాట్లాడతాను. కారణం మీకు తెలిసిందే. మన సంఘభవనం వెనకగదిలో ఉన్న పూల్ టేబుల్‌ను అమ్మేయాలని ఈరోజు తీర్మానం వచ్చింది. పాత రిక్రియేషన్ క్లబ్బు మూసేసినప్పుడు మనకు సంక్రమించిన టేబుల్ అది. ఇప్పుడు దానిమీద పాత ఫైళ్లు, విరిగిన కుర్చీలు ఉన్నాయి. చేతులెత్తేముందు పది నిమిషాలు నా మాట వినవలసిందిగా మనవి.

సర్వీసులో ఉండగా నేను ఆ టేబుల్ దరిదాపులకు పోలేదు. అది ఆఫీసర్ల ఆట అనుకునేవాణ్ణి. మా ఆవిడ కాలం చేశాక మా అమ్మాయి నన్ను అమెరికా తీసుకెళ్లి ఆరు నెలలు ఉంచుకుంది. పగలంతా ఇంట్లో నేనొక్కణ్ణే. సాయంత్రం బడి నుంచి పదమూడేళ్ల మనవడు వచ్చేవాడు. వాడికి తెలుగు అర్థమవుతుందిగాని మాట్లాడలేడు. నాది ఫైళ్ల ఇంగ్లీషు. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకుని ఊరుకునేవాళ్లం. వాళ్ల అపార్టుమెంట్ల క్లబ్‌హౌస్‌లో పూల్ టేబుల్ ఉంది. ఒకరోజు వాడే "తాతయ్యా, రా" అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాడు.

నా మొదటి దెబ్బకే రంగుబంతి పాకెట్‌లో పడింది. పొంగిపోయాను. దాని వెనకే తెల్లబంతి కూడా పడింది! పూల్‌లో అది తప్పు. ఎదుటివాడు తెల్లబంతిని తీసుకుని తనకు అనువైన చోట పెట్టుకోవచ్చు. వాడు నవ్వి, వరసగా నాలుగు బంతులు వేశాడు.

మనమంతా క్యారమ్స్ ఆడినవాళ్లమే. అక్కడ స్ట్రయికరు ప్రతి దెబ్బకూ తిరిగి గీత మీదికి వస్తుంది. పూల్‌లో ఆ సౌకర్యం లేదు. తెల్లబంతి ఎక్కడ ఆగితే అక్కడి నుంచే తర్వాతి దెబ్బ. కాబట్టి బంతిని పాకెట్‌లో వేయడం సగం పనే. తెల్లబంతిని మనకు కావలసిన చోట ఆపడం మిగతా సగం. ఆ ఆరు నెలల్లో మనవడు నాకు నేర్పింది ఈ రెండో సగమే.

తెల్లబంతి వ్యాసం రెండుంపావు అంగుళాలు. నడిమధ్యన కొడితే మొదట కాస్త దూరం జారుతుంది, తర్వాత బట్ట రాపిడి వల్ల దొర్లడం మొదలవుతుంది. ఇంకా జారుతుండగానే రంగుబంతికి సూటిగా తగిలితే, తన వేగమంతా దానికిచ్చేసి తను అక్కడే నిలిచిపోతుంది. గోలీలాటలో మీరూ ఇది చూసే ఉంటారు. నడిమికి పైన కొడితే రంగుబంతి వెంటే ముందుకు నడుస్తుంది. నడిమికి కింద కొడితే తగిలాక వెనక్కి వస్తుంది. అయితే దూరం ఎక్కువైతే ఆ వెనక తిరుగుడు దారిలోనే అరిగిపోతుంది. అందుకే దూరపు బంతి దగ్గర తెల్లబంతిని ఆపాలన్నా కాస్త కిందగానే కొట్టాలి. మరీ అంచున కొట్టరాదు. నడిమి నుంచి అంచుకున్న దూరంలో సగం దాటితే క్యూ జారిపోతుంది.

వంకరగా తగిలినప్పుడు ఒక లెక్క ఉంది. జారుతున్న తెల్లబంతి, రంగుబంతి పోయిన దారికి లంబంగా పక్కకు పోతుంది. దొర్లుతున్న బంతి అయితే కొంత ముందుకు వంగి పోతుంది. ఈ ఒక్క సంగతి తెలిస్తే, తెల్లబంతి పాకెట్‌లో పడే ప్రమాదాన్ని చాలావరకు ముందే కనిపెట్టవచ్చు. పక్కన కొట్టి తిప్పే విద్య మాత్రం మొదట్లో వద్దు. తెల్లబంతి గురి తప్పి అవతలి వైపుకు పోతుంది.

ఇవన్నీ ఊరికే వచ్చినవి కావు. పూర్వం క్యూ మొన ఉత్త కర్ర. నడిమి తప్పితే జారిపోయేది. 19వ శతాబ్దం తొలినాళ్లలో మింగో అనే ఫ్రెంచి కాప్టెన్ మొనకు తోలు అంటించిన తర్వాతే బంతిని ఇష్టం వచ్చినట్టు తిప్పడం సాధ్యమైంది. 1835లో కోరియోలిస్ అనే శాస్త్రవేత్త బిలియర్డ్స్ బంతుల నడక మీద గణితగ్రంథమే రాశాడు. మనవాళ్లూ తక్కువ తినలేదు. 1958లో కలకత్తాలో విల్సన్ జోన్స్ ప్రపంచ అమెచ్యూర్ బిలియర్డ్స్ విజేత అయ్యాడు. తర్వాత మైకేల్ ఫెరీరా, గీత్ సేథీ, పంకజ్ అద్వానీ ఆ దారిలోనే నడిచారు.

ఇక అసలు సంగతి. నా కుడిచేతికి కొంచెం వణుకు ఉంది. కాఫీ గ్లాసు పట్టుకుంటే నలుగురూ చూస్తారని పెళ్లిళ్లకు వెళ్లడం మానేశాను. వాడు నా ఎడమ అరచేతిని టేబుల్ మీద ఆనించి, వేళ్లు పరిచి, క్యూను వాటి మధ్య పెట్టాడు. వెనకచేతి పట్టు వదులుగా ఉంచమన్నాడు. వణుకు పోలేదు. కానీ ఈ ఆటకు బలం అక్కర్లేదు, తొందర అసలే అక్కర్లేదు. మెల్లగా కొట్టిన బంతే చెప్పినమాట వింటుంది. నేను తిరిగి వచ్చే వారం వాణ్ణి ఒక్కసారి ఓడించాను. కావాలని ఓడిపోయావా అని అడిగితే, "లేదు తాతయ్యా, తెల్లబంతి చూడు, ఎక్కడుందో!" అన్నాడు. అంత పొడుగు తెలుగు వాక్యం వాడి నోట వినడం అదే మొదటిసారి.

అందుచేత నా విన్నపం. ఆ టేబుల్ కింద పలక ఇంకా చెక్కుచెదరలేదు, నేను లెవెల్ పెట్టి చూశాను. మార్చవలసింది బట్ట, కుషన్ రబ్బరు. దానికి నా ఒక నెల పెన్షన్ ఇస్తాను. ఫైళ్లు ఎత్తే పని కూడా నాదే. వారానికి రెండు సాయంత్రాలు మనకు, ఆదివారం మన ఇళ్లలోని ఆడవారికి, పిల్లలకు. ఏడాది చూసి, ఎవరూ రాకపోతే అమ్మేయండి, నేనే మొదట చెయ్యెత్తుతాను.

మనవడు డిసెంబరు సెలవులకు వస్తున్నాడు. "అక్కడ టేబుల్ ఉందా?" అని ఫోనులో అడిగాడు. ఉందనే చెప్పాను. మిత్రులారా, నా మాట నిలబెట్టవలసింది మీరు.

 

(ఈ ప్రసంగం తర్వాత తీర్మానాన్ని ఒక సంవత్సరం పాటు వాయిదా వేయడమైనది. - సంపాదకుడు)