అడ్డగీత మీద అభియోగం

పట్టాలు అందుకున్న మీకు అభినందనలు.

స్నాతకోత్సవంలో దేశ భవిష్యత్తు గురించి మాట్లాడటం రివాజు. నేను మాత్రం ఒక గీత గురించి మాట్లాడతాను. ఇంగ్లిషు వాక్యంలో ఆలోచన మలుపు తిరిగే చోట పెట్టే పొడుగాటి డ్యాష్. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చేదాకా దాని జోలికి ఎవరూ పోలేదు. ఇప్పుడు వ్యాసంలో అది రెండుచోట్ల కనిపిస్తే చాలు, ఏఐ రాసిందేనని తేల్చేస్తున్నారు. మీలో కొందరు ప్రాజెక్టు రిపోర్టు ఇచ్చే ముందు ఆ గీతలన్నీ వెతికి కామాలు పెట్టే ఉంటారు. నవ్వుతున్నారు — అంటే నిజమే.

అనుమానం ఊరికే పుట్టలేదు. చాట్‌బాట్లు ఆ గీతను ఎడాపెడా వాడాయి. వద్దన్నా మానేవి కావు. చెబితే చాట్‌జీపీటీ ఇప్పుడు మానేస్తోందని దాన్ని తయారుచేసిన ఓపెన్‌ఏఐ అధిపతి శామ్ ఆల్ట్‌మన్ 2025 నవంబరులో సంతోషంగా ప్రకటించారంటే చూడండి! కానీ యంత్రానికి ఆ అలవాటు ఎక్కడిది? మనుషులు రాసినవి చదివి నేర్చిందే. దొంగ దగ్గర సొత్తు దొరికిందని, ఆ సొత్తు పోగొట్టుకున్నవాణ్నే స్టేషన్లో కూర్చోబెట్టినట్టుంది వ్యవహారం.

అమెరికా కవయిత్రి ఎమిలీ డికిన్సన్ రాతప్రతుల నిండా గీతలే. పొట్టివి, పొడుగువి, కాస్త పైకి లేచినవి, కిందికి వాలినవి. ఆమె 1886లో పోయింది. 1890లో తొలి సంపుటం వేసిన సంపాదకులు నాటి అభిరుచికి తగ్గట్టు చాలా గీతలు తీసేసి కామాలు, ఫుల్‌స్టాపులు పెట్టారు. థామస్ జాన్సన్ 1955లో తెచ్చిన సంపుటాల్లో గాని ఆ గీతలు తిరిగి రాలేదు. ఆమె గీతలు తీసింది పరాయివాళ్లు, అదీ ఆమె పోయాక. మీరు బతికుండగానే, మీ చేత్తో మీరే తీసేసుకుంటున్నారు.

మన తాటాకు ప్రతుల్లో పదానికీ పదానికీ మధ్య ఖాళీ కూడా ఉండేది కాదు. కామా, ఫుల్‌స్టాప్ లాంటి గుర్తులు అచ్చుతోపాటు వచ్చి స్థిరపడ్డాయి. ‘వచ్చాడా’ అన్నాక ప్రశ్న గుర్తుతో పనిలేదు, చివరి దీర్ఘమే అడుగుతుంది. అయినా పెడుతున్నాం. మూడేసి ఆశ్చర్యార్థకాలతో శుభోదయం చెప్పే వాట్సాప్ బాబాయిలను మాత్రం ఇంతవరకూ ఎవరూ యంత్రమని అనలేదు!

నవ్వులాట పక్కన పెడదాం. ఏఐ రాతను పట్టే పరికరమొకటి ఓపెన్‌ఏఐ సంస్థే 2023 జనవరిలో విడుదల చేసింది. వాళ్ల పరీక్షలోనే అది ఏఐ రాతలో 26 శాతాన్నే గుర్తించింది, మనుషుల రాతలో 9 శాతాన్ని ఏఐ ఖాతాలో వేసింది. జులైలో దాన్ని వెనక్కి తీసుకున్నారు. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఇలాంటి ఏడు పరికరాలకు 91 టోఫెల్ వ్యాసాలు ఇచ్చారు. ఇంగ్లిషు మాతృభాష కానివాళ్లు రాసినవి. సగటున సగానికి పైగా ఏఐ రాతలన్నాయి. తెలిసిన మాటలతో, తిన్నని వాక్యాలతో రాయడమే వాళ్ల తప్పు. పై చదువులకు విదేశాలకు దరఖాస్తు చేస్తున్న మీరూ రాసేది అలాంటి ఇంగ్లిషే. పరికరాలే ఇంత తడబడితే, గీతలు లెక్కపెట్టి ఇచ్చే తీర్పుకు విలువెంత?

ఇంకొన్నేళ్లలో ఆ తీర్పు ఇచ్చే కుర్చీల్లో మీరుంటారు. పాఠాలు చెబుతారు, పత్రికల్లో డెస్కు మీద కూర్చుంటారు, ఉద్యోగాల దరఖాస్తులు వడపోస్తారు. అనుమానం వస్తే రాసినవాణ్ని పిలవండి. ఈ లెక్క ఎక్కడిది, ఈ ఉదాహరణే ఎందుకు, ముందు రాసి కొట్టేసిందేమిటి అని అడగండి. సొంతంగా రాసినవాడు తడుముకున్నా ఏదో ఒకటి చెప్పగలడు. అరువు తెచ్చుకున్నవాడు మొదటి ప్రశ్నకే దొరుకుతాడు. దీనికి పావుగంట పడుతుంది — గీతలు లెక్కపెట్టడానికి పావు నిమిషం చాలు. అందుకే అందరికీ ఆ దారే నచ్చుతోంది. మీ చిత్తుప్రతులు కూడా పారేయకండి, పనికొస్తాయి. అన్నట్టు, వర్డ్‌లో రెండు హైఫన్లు కొట్టి తర్వాతి మాట టైపు చేస్తే అదే పొడుగు గీతగా మారిపోతుంది. ఈ సదుపాయం చాట్‌బాట్ల కంటే చాలా పాతది.

ఈ ప్రసంగం ప్రతులు మీకు పంచుతారట. అందులోనూ పొడుగు గీతలున్నాయి. ఎందుకు పెట్టానో అడగదలచినవాళ్లు భోజనాల దగ్గరికి రండి, అక్కడే ఉంటాను.