నాణెము మీది బొమ్మ

పిల్లలు నాణెమును ఎగురవేసి "బొమ్మా? బొరుసా?" అని పందెము వేసుకొనుట మనమెరిగినదే. ఆ బొమ్మ ఎవరిదని వారు అడుగరు. ఒకప్పుడది సముద్రముల కావల నుండి మన దేశమునేలిన ప్రభువు ముఖము. ప్రజలలో అత్యధికులు ఆ ప్రభువును కంట చూచి ఎరుగరు. విక్టోరియా రాణి ఈ దేశమున ఒక్కమారైనను అడుగు పెట్టలేదు. ఆమెకు బదులు ఊరూరా తిరిగినది ఆమె బొమ్మయే.

1835కు పూర్వము ఈస్టిండియా కంపెనీ ముద్రించిన రూపాయలపై మొగలు పాదుషాల పేర్లు పారశీక లిపిలో ఉండెడివి, ముఖము లేదు. ఆ యేట నాలుగవ విలియం శిరస్సుతో తులము బరువుగల రూపాయి వెలువడినది. 1840లో విక్టోరియా వచ్చినది; తలపై కిరీటము లేదు, కొప్పు ముడిచిన పడుచు ముఖము. 1858లో కంపెనీ పాలన అంతరించినది. 1862 నాటి నాణెముపై ఆమెకు కిరీటము, పూలపని చేసిన వస్త్రము అమరినవి. ఏలిక మారినదన్న వార్తను చదువురాని రైతు చేతికి అందించినది ఆ వెండిబిళ్ళయే.

1877లో ముఖము మారలేదు. పేరు ప్రక్కనున్న "రాణి" అను మాట తొలగి "చక్రవర్తిని" అను మాట వచ్చినది. ఆ యేడు జనవరి 1వ తేదీన లార్డు లిట్టన్ ఢిల్లీలో మహాదర్బారు జరిపి ఆ బిరుదమును చాటించెను. సంస్థానాధీశులకు వారి వారి చిహ్నములు కుట్టిన పతాకములు బహూకరింపబడినవి.

అది ధాత నామ సంవత్సరము. మద్రాసు రాజధానిలో వానలు లేక పైరులు మాడిపోయినవి. కడప, కర్నూలు, బళ్ళారి జిల్లాలలో జనులు కరువు పనులకు బారులు తీరిరి. ఆ జనవరిలోనే పరిశీలనకై వచ్చిన సర్ రిచర్డు టెంపుల్, కూలివానికి దినమునకు ఒక పౌను ధాన్యము, దానిపై కొద్ది చిల్లర చాలునని నిర్ణయించెను. శ్రమించు దేహమునకు అది చాలదని మద్రాసు ఆరోగ్యాధికారి డాక్టరు కార్నిష్ గట్టిగా వాదించెను. కొన్ని నెలలకు గాని కూలి పెరుగలేదు. బొమ్మకు బిరుదు పెరిగిన యేటనే, ఆ బొమ్మను చేతపట్టు మనిషికి కబళము తగ్గినది.

బొమ్మ పలికినదెల్ల ప్రజలు తలయూపి ఒప్పుకొనిరా? 1911లో ఐదవ జార్జి రూపాయి వెలువడినది. రాజు వస్త్రముపై చెక్కిన ఏనుగుకు తొండము పొట్టిదగుటచే, అది పందివలె ఉన్నదని జనులలో అలజడి రేగినది. ప్రభుత్వము ఆ నాణెములను వెనుకకు తీసుకొని కరగించి, మరుసటి యేట తొండము స్పష్టముగా చెక్కించినది. టంకశాల చెప్పదలచినది ఒకటి, బజారు చదివినది మరియొకటి, నెగ్గినది బజారే.

1950లో రాజు శిరస్సు తొలగి, ఆ చోట సారనాథ సింహశీర్షము నిలిచినది.

మీ ఇంట తాతల నాటి పెట్టెలో పాత రూపాయి ఉన్నచో ఒకమారు తీసి చూడుడు. దానిపై 1877 అని ఉన్నచో, కిరీటము వంక చూచిన పిమ్మట, ఆ యేట దానితో ఎన్ని గింజలు దొరకెనో కూడ తలచుకొనుడు.