పెరటి కోళ్లకు వంటింటి మేత
(అత్తిముగమున చేసిన ప్రసంగ పాఠము)



మన యిండ్లలో ఆవు కుడితికి ఉన్న మర్యాద కోడి మేతకు లేదు. కుడితి తొట్టిలో ఏమి పోయవలెనో పెద్దలు చెప్పుదురు. కోడికి మాత్రము చేతికందినదెల్ల పెరటిలోనికి విసరుదుము. నేను గింజల వ్యాపారిని. బూజు పట్టిన వేరుసెనగ పప్పును చవుకగా ఇమ్మనుచు, "కోళ్లకే గదన్నా!" అనువారు ఏటేట నా అంగడికి వచ్చుచుందురు. నేనీయను. కారణము వినుడు.

1960లో ఇంగ్లండునందు లక్ష వరకు టర్కీ కోళ్లు కొలది నెలలలో చచ్చినవి. రోగమేదో తెలియక మొదట దానికి 'ఎక్స్' అని పేరిడిరి. తుదకు బ్రెజిలు నుండి తెచ్చిన వేరుసెనగ పిండిలో దోషము బయటపడినది. బూజు పుట్టించు ఆ విషమునకే అఫ్లటాక్సిను అని పేరు. అది కాలేయమును చెరచును. బూజును దులిపినను, గింజను ఉడికించినను విషము పూర్తిగా పోదు. గుడ్డులోనికిని కొంత చేరవచ్చును; ఆ గుడ్డు తినువారు మన బిడ్డలే గదా!

ఇక పండ్ల మాట. మామిడి కాలమున కృష్ణగిరి సీమలో తొక్కలకు కొదవ లేదు. మామిడి, అరటి, బొప్పాయి, పుచ్చకాయ, ఆకుకూర కాడలు కోళ్లు ఇష్టముగా తినును, హానియు లేదు. అయితే పండులో నీరును తీపియు మెండు, మాంసకృత్తులు స్వల్పము. పండుతో పొట్ట నిండిన కోడి గింజ ముట్టదు, గుడ్లు తగ్గును. గుడ్ల డబ్బు మన ఆడవారి సొంత డబ్బు. ఆ నష్టము వారిదే. కావున ముందు గింజ, సాయంకాలము పండు. మొత్తము మేతలో పదింట ఒక వంతు మించకుండుట మేలు.

"రాగులు తిను కోడికి వేరే సున్నమేల?" అని కొందరు అడుగుదురు. ఒక్క గుడ్డు పెంకులోనే సుమారు 2 గ్రాముల కాల్షియమున్నది. 100 గ్రాముల రాగులలో నున్నది సుమారు 350 మిల్లీగ్రాములే. వాడిన గుడ్ల పెంకులను ఎండబెట్టి, మెత్తగా నలిపి పెట్టవలెను. నలుపక వేసినచో కోడి తన గుడ్డునే పొడుచుకొని తినుట నేర్చును.

ఊరగాయ, ఉప్పుచేప, పచ్చబారిన ఉర్లగడ్డ తొక్కలు, ఉడకని చిక్కుడు గింజలు వేయరాదు. బెంగుళూరు నుండి వచ్చు బటరుఫ్రూటు మనకు మంచిదే గాని పక్షులకు ప్రాణాంతకము. దాని తొక్క, టెంక పెరటికి పోనీయకుడు. సందేహము గలవారికి హోసూరు చెంత మత్తిగిరిలో కోళ్ల శాస్త్రమునకే ప్రత్యేకించిన కళాశాల యున్నది, అచ్చట అడుగవచ్చును.

కోళ్లు తినక విడిచినదానిని చీకటి పడకముందే ఊడ్చివేయుడు. దానికై ఎలుకలు వచ్చును, ఎలుకల వెంట పాములు వచ్చును.