కిడ్నీ మార్పిడి అయిన బిడ్డకు మందు తప్పొద్దు

(ఆదివారం రాత్రి మన గ్రూపు కాల్‌లో చేసిన ప్రసంగం. డ్యూటీ వల్ల వినలేకపోయిన వాళ్ల కోసం రాసి పెడుతున్నాం. అవసరమున్న వాళ్లకు పంపండి.)



చిన్న బిడ్డకు కిడ్నీ మార్పిడి అయిన ఇంట్లో మొదట వచ్చే మాట ఒకటే: "పిల్లోడు బాగానే ఆడుకుంటున్నాడు కదా, ఇంకా ఎన్నాళ్లు ఈ మందులు?" ఆ కిడ్నీ పనిచేసినన్నాళ్లూ వెయ్యాలి. ఎందుకో చెప్తాను.

మన ఒంటికి ఒక కాపలా ఉంటుంది. బయటి నుంచి ఏది వచ్చినా కొడుతుంది. అమ్మ ఇచ్చిన కిడ్నీ అయినా దానికి పరాయిదే. 1954లో బోస్టన్‌లో, 1958లో మాంట్రియల్‌లో మార్పిడి నిలబడిందంటే, ఇచ్చినవాళ్లూ తీసుకున్నవాళ్లూ అచ్చం ఒకే పోలికతో పుట్టిన కవలలు కాబట్టి. మిగతా అందరికీ ఆ కాపలాను తగ్గించే మందు కావాలి. పిల్లలకు ఎక్కువగా ఇచ్చేవి టాక్రోలిమస్, మైకోఫెనొలేట్, ప్రెడ్నిసోన్. మందు తగ్గితే ఒళ్లు కిడ్నీని కొడుతుంది. మొదట్లో నొప్పి ఉండకపోవచ్చు, రక్త పరీక్షలో క్రియాటినిన్ పెరగడమే కనిపిస్తుంది. మందు ఎక్కువైతే ఇన్‌ఫెక్షన్లు వస్తాయి, కిడ్నీకీ దెబ్బే. అందుకే అన్నిసార్లు రక్తం తీస్తారు.

టాక్రోలిమస్ మామూలుగా 12 గంటలకోసారి. ఉదయం 8కి వేస్తే రాత్రి 8కి. మన ఇళ్లల్లో ఒకరు పొద్దుటి షిఫ్టు, ఒకరు రాత్రి షిఫ్టు. "నువ్వు వేశావనుకున్నా" అనే మాట రాకూడదు. ఫ్రిజ్ మీద కాగితం అంటించి, వేసినవాళ్లు టైము రాసి సంతకం పెట్టండి. డోసు తప్పితే, బిడ్డ కక్కుకుంటే, మీ అంతట మీరు రెట్టింపు వెయ్యకండి, ట్రాన్స్‌ప్లాంట్ నర్సుకు ఫోన్ చెయ్యండి. రక్త పరీక్ష రోజు పొద్దుటి టాక్రోలిమస్ ఇంట్లో వెయ్యకుండా వెంట తీసుకెళ్లండి, రక్తం తీశాక వెయ్యాలి.

చిన్న పిల్లలకు ఫార్మసీ వాళ్లు ద్రవంగా కలిపి ఇస్తారు. ఒక సీసాలో ఎంఎల్‌కు 0.5 మిల్లీగ్రాములుంటే, 1 మిల్లీగ్రాము డోసుకు 2 ఎంఎల్ పొయ్యాలి. ఇంకో సీసాలో ఎంఎల్‌కు 1 మిల్లీగ్రాము ఉంటే, అదే 2 ఎంఎల్ రెట్టింపు అవుతుంది. కొత్త సీసా తెచ్చిన ప్రతిసారీ లేబుల్ చదవండి, బాగా ఊపి సిరంజితో కొలవండి. స్పూను వద్దు.

తిండిలో గ్రేప్‌ఫ్రూట్, పంపరపనస వద్దు, మందు రక్తంలో పెరిగిపోతుంది. ఊరి నుంచి పార్సిల్‌లో వచ్చే తిప్పతీగ, అశ్వగంధ పెట్టకండి. "రోగనిరోధక శక్తి పెంచుతుంది" అంటారు, ఈ బిడ్డకు మనం తగ్గించేది దాన్నే. అడ్విల్, మోట్రిన్ కిడ్నీకి మంచివి కావు. జ్వరం 38 డిగ్రీలు దాటితే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి ఫోన్ చెయ్యండి. ఎంఎంఆర్, చికెన్‌పాక్స్ లాంటి లైవ్ టీకాలు ట్రాన్స్‌ప్లాంట్ డాక్టర్‌ను అడగకుండా వేయించొద్దు.

ఇక డబ్బు సంగతి. ఒంటారియోలో ఓహిప్ ఉండి, ప్రైవేట్ ఇన్సూరెన్స్ లేని, 24 ఏళ్లు లేదా అంతకు తక్కువ వయసున్న వాళ్లకు జాబితాలోని మందులు ఓహిప్ ప్లస్ కింద ఉచితం. ప్రైవేట్ ఇన్సూరెన్స్ ఉండీ ఖర్చు మోయలేకపోతే ట్రిలియం పథకానికి అప్లై చెయ్యొచ్చు. బ్రిటిష్ కొలంబియాలో ఎంఎస్‌పీ ఉన్నవాళ్లకు ఈ మందులు బీసీ ట్రాన్స్‌ప్లాంట్ ద్వారా వస్తాయి. అయితే మన హెల్త్ కార్డు వర్క్ పర్మిట్ తేదీతో ముడిపడి ఉంటుంది. పర్మిట్ తీరకముందే పొడిగింపుకు పెట్టండి, పెట్టిన రసీదు దాచుకోండి. కార్డు ఆగేలా ఉంటే, మందు సగం సగం వేసి సాగదీయకుండా ఆసుపత్రి సోషల్ వర్కర్‌కు ముందే చెప్పండి. ఇంగ్లిష్ రాకపోతే "తెలుగు ఇంటర్‌ప్రెటర్" అని అడగండి. అడగడం నామోషీ కాదు.

ఊరికి వెళ్లేటప్పుడు మందు చేతి సంచిలోనే పెట్టుకోండి, డాక్టర్ చీటీ, లెటర్ వెంట ఉంచుకోండి. అక్కడ వేరే కంపెనీ టాక్రోలిమస్ ఇస్తే ఇక్కడి టీమ్‌కు చెప్పకుండా మార్చకండి. మార్చాల్సి వస్తే రక్త పరీక్ష చేయించాలి.

కిడ్నీ ఇచ్చినవాళ్లు ఒక్కసారి ఇచ్చారు. దాన్ని రోజుకు రెండుసార్లు కాపాడుకోవడం మన చేతిలో ఉంది.