చిన్న కమతానికి చిన్న ట్రాక్టరు

చిన్న కమతం గల రైతు ట్రాక్టరు కొనవచ్చునా అని అడిగేవారి సంఖ్య ఏటేటా పెరుగుతూ ఉన్నది. ప్రశ్న చిన్నదే. కాని దానికి అవునని గాని, కాదని గాని ఒక్క మాటలో సమాధానం చెప్పేవానిని వెంటనే నమ్మరాదు. అట్లా చెప్పేవాడు బండి అమ్మేవాడైనా అయి ఉంటాడు, లేదా గంటకింత అని తన బండిని అద్దెకు తిప్పేవాడైనా అయి ఉంటాడు.

2015-16 వ్యవసాయ గణన ప్రకారం మన దేశంలో కమతం సగటు విస్తీర్ణం 1.08 హెక్టార్లు, అనగా రెండున్నర ఎకరాలకు కొంచెం ఎక్కువ. తెలుగునాట పరిస్థితి ఇంతకంటె మెరుగు కాదు. ఇటువంటి చెక్కలలో నలభై యాభై అశ్వశక్తి గల పెద్ద ట్రాక్టరు తిరగడానికే చోటు చాలదు. గట్టు మూలలు దున్నకుండా మిగిలిపోతాయి; మలుపు తిరిగినప్పుడల్లా రెండు టన్నుల బరువు నేలను అణగదొక్కుతుంది. అందువలననే పదిహేను మొదలు ముప్పై అశ్వశక్తి వరకు గల చిన్న ట్రాక్టర్లకు, మన పల్లెలలో మినీ ట్రాక్టర్లని పిలిచే వాటికి, ఆదరణ కలిగినది.

చిన్న బండి అనగానే చిన్నచూపు చూడవలసిన పని లేదు. నాగలిని ట్రాక్టరు వెనుక మూడు చోట్ల తగిలించి, నూనె ఒత్తిడితో పైకి లేపే పద్ధతిని రూపొందించిన ఐర్లండు దేశీయుడు హారీ ఫెర్గుసన్, 1939లో హెన్రీ ఫోర్డుతో కలిసి మార్కెట్టులోకి తెచ్చిన ట్రాక్టరు కూడ సుమారు ఇరవై అశ్వశక్తిదే. బరువు ఒక టన్ను. నాగలి నేలను చీల్చేటప్పుడు కలిగే లాగుడును వెనుక చక్రాలమీది బరువుగా మార్చడమే ఆయన చూపిన ఉపాయం. బండి తేలికగా ఉన్నా పట్టు మాత్రం తప్పదు. ఆయన పేరుతోనే తరువాత వచ్చిన చిన్న ట్రాక్టర్లమీద ఎడ్మండ్ హిల్లరీ బృందం 1958 జనవరి 4న దక్షిణ ధ్రువం చేరినది. ఈనాటి మినీ ట్రాక్టరు వెనుక ఉన్న మూడు చేతులు ఆ పద్ధతికి వారసులే. అశ్వశక్తి కొంచెం తక్కువని బెంగపెట్టుకొనేవారు ఈ సంగతి గుర్తుంచుకోవచ్చును.

కొనేముందు చూడవలసిన మొదటి కొలత అశ్వశక్తి కాదు, వెడల్పు. ఒక టేపు తీసికొని పొలానికి వెళ్ళండి. ప్రత్తి సాలుకు సాలుకు మధ్య మూడడుగులు, అనగా తొంభై సెంటీమీటర్లు, ఉన్నదనుకొందాం. బండి వెనుక చక్రాల మధ్యదూరం, ఒక టైరు నడిమి నుండి రెండవ టైరు నడిమి వరకు, అంతే ఉన్నట్లయితే ఒక సాలును రెండు చక్రాల మధ్య ఉంచుకొని పోవచ్చును. బండి కడుపుకూ నేలకూ మధ్య గల ఎత్తు ఎంతో, అంత ఎత్తు మొక్క పెరిగేవరకే ఈ పని సాగుతుంది. కనుక బండి కొన్న తరువాత సాలు దూరం మార్చుకొనడం కంటె, సాలు దూరం తెలిసి బండి ఎన్నుకొనడం మేలు. కొన్ని బండ్లలో చక్రాలను లోపలికి, బయటికి జరుపుకొనే వీలున్నది. అది ఏ కొలత నుండి ఏ కొలత వరకో అడిగి తెలుసుకొనవలె.

తోటల సంగతి వేరు. గూడూరు ప్రాంతపు నిమ్మతోటలలోను, నల్లగొండ బత్తాయి తోటలలోను చెట్ల మధ్య దూరం చాలినంత ఉంటుంది గాని, కొమ్మలు క్రిందికి వాలి ఉంటాయి. అక్కడ కావలసినది పొట్టి బండి. పైకి నిలిచి ఉండే పొగగొట్టం కొమ్మలను కమరజేస్తుంది. ప్రక్కకు గాని, క్రిందికి గాని త్రిప్పిన గొట్టం గల బండి తోటకు అనువు. ఇంకొక మాట. నిమ్మజాతి చెట్లకు ఆహారం తీసికొనే పీచువేళ్ళు నేల పైపొరలోనే వ్యాపిస్తాయి. చేతిలో కొత్త రోటవేటరు ఉన్నదన్న ఉత్సాహంతో పాదు దాకా లోతుగా త్రిప్పినవారు చెట్టు నోటి దగ్గరి కూడు తీసినవారవుతారు. గడ్డి తెగేటంత పైపైన త్రిప్పితే చాలును.

ఇక డబ్బు లెక్క. దీనిని కొంచెం ఓపికతో వినండి. ధర బండిని బట్టి, పరికరాలను బట్టి మారుతుంది కనుక, కేవలం లెక్క కొరకు పరికరాలతో సహా ఐదు లక్షల రూపాయలనుకొందాం. పది సంవత్సరాల తరువాత లక్షన్నరకు అమ్ముడుపోతుందని అనుకొందాం. అప్పుడు సంవత్సరానికి ముప్పై ఐదు వేల రూపాయల విలువ తరిగిపోతుంది. నిలిచి ఉన్న సగటు పెట్టుబడి మూడు లక్షల పాతిక వేలు. దానిమీద నూటికి పది చొప్పున వడ్డీ ముప్పై రెండు వేల ఐదువందలు. సొంత డబ్బైనా ఈ వడ్డీని లెక్కలో వేయవలసిందే. ఈ రెండూ కలిపితే సంవత్సరానికి అరవై ఏడు వేల ఐదువందల రూపాయలు. బండి షెడ్డులో నిద్రపోయినా ఈ ఖర్చు నిద్రపోదు. డీజిలు, నూనె, టైర్లు, మరమ్మతు, భీమా దీనికి అదనం.

ఇప్పుడు ఐదు ఎకరాల రైతుకు ఎన్ని గంటల పని ఉన్నదో చూడండి. ఒక మీటరు వెడల్పు గల రోటవేటరుతో గంటకు రెండున్నర కిలోమీటర్ల వేగాన పోతే, మలుపులు, ఆగడాలు పోగా ఎకరానికి రెండు గంటలకు పైగా పడుతుంది. ఐదు ఎకరాలు ఒకసారి త్రిప్పడానికి పదకొండు గంటలనుకొనండి. సంవత్సరంలో పదిసార్లు ఆ నేలమీద ఏదో ఒక పని చేసినా నూటపది గంటలు. మందు చల్లడం, ఎరువు తోలడం కలిపి నూట యాభై అనుకొందాం. అరవై ఏడు వేల ఐదువందలను నూట యాభైతో భాగిస్తే గంటకు నాలుగువందల యాభై రూపాయలు. ఇది డీజిలు పోయక ముందటి మాట. అదే బండి ఏడాదికి ఐదువందల గంటలు తిరిగితే గంటకు నూటముప్పై ఐదు రూపాయలే పడుతుంది.

ఈ రెండు అంకెలను మీ ఊరి అద్దె రేటు ప్రక్కన పెట్టి చూచుకొనండి. మిగిలిన మూడువందల యాభై గంటలు ఎక్కడి నుండి వస్తాయన్నదే అసలు ప్రశ్న. అన్నదమ్ములు ముగ్గురు కలిసి కొంటే రావచ్చును. ఇరుగుపొరుగు తోటలలో అద్దెకు పోతే రావచ్చును. ఉమ్మడిగా కొనేవారు ఒక మాట ముందుగానే కాగితంమీద పెట్టుకొనవలె. వాన కురిసిన మరునాడు బండి ముందు ఎవరి చేలోకి పోవలె? ఉమ్మడి కొనుగోళ్ళు చెడిపోయేది సాధారణంగా డబ్బు దగ్గర కాదు, ఈ వరుస దగ్గర.

అట్లాగని అద్దె బండితోనే సరిపెట్టుకొమ్మని నేను చెప్పడం లేదు. పదును అనేది రైతు చేతిలో ఉండేది కాదు. నల్లరేగడిలో వాన వెలిసిన తరువాత కాలు అంటుకొనని రోజు మొదలు, పెళ్ళలు గట్టిపడే రోజు వరకు ఉండే వ్యవధి ఒక్కొక్కప్పుడు మూడు నాలుగు దినాలే. ఆ దినాలలో ఊరిలోని అద్దె బండ్లన్నీ పెద్ద కమతాలలో ఉంటాయి. మన వంతు వచ్చేసరికి పదును పోతుంది. విత్తనం పదిరోజులు ఆలస్యమైతే కలిగే నష్టం గంట లెక్కలో కనిపించదు. సొంత బండికి ఇచ్చే అదనపు ఖర్చు ఒక విధంగా ఆ పదునుకు ఇచ్చే వెల. ఆ వెల ఇవ్వదగినదా కాదా అన్నది వర్షాధారపు మెట్టచేనుకు ఒక విధంగాను, బోరు క్రింది కూరగాయల మడికి మరొక విధంగాను ఉంటుంది. కూరగాయల మడికి పదును రైతే పెట్టుకొంటాడు. అతనికి తొందర తక్కువ. వాననే నమ్ముకొన్న మెట్టరైతుకే సొంత బండి ఎక్కువ అవసరమని నా అభిప్రాయం. విచిత్రమేమంటే, అప్పు తీర్చగల శక్తి అతనికే తక్కువ.

2025 సెప్టెంబరు 22 నుండి వ్యవసాయ ట్రాక్టర్లమీద వస్తు సేవల పన్ను 12 శాతం నుండి 5 శాతానికి తగ్గినది. సంతోషమే. అయినా పన్ను తగ్గినదని బండి కొనడం, గొడుగు చౌకగా దొరికినదని వానకు ఎదురుచూడడం వంటిది.

కొనదలచినవారు దుకాణపు పత్రికలను చదవడంతో పాటు, మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో 1955 నుండి పనిచేస్తున్న కేంద్ర వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఇచ్చిన పరీక్షా నివేదిక ఆ నమూనాకు ఉన్నదేమో అడగవలె. అందులో లాగుడు శక్తి, ఎత్తే శక్తి, డీజిలు వాడకం కొలిచి వ్రాస్తారు. బండి నడపడం, చూచుకొనడం నేర్చుకొనగోరేవారికి అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని దక్షిణ ప్రాంత సంస్థలో శిక్షణ ఉన్నది. మరమ్మతు చేసేవాడు ఎంత దూరంలో ఉన్నాడన్నది కూడ బండిలో ఒక భాగమే అనుకొనవలె. నలభై మైళ్ళ అవతల నుండి ఫిల్టరు రావలసిన బండి ఎంత మంచిదైనా దుక్కి రోజులలో కొరగాదు.

నాలుగు చక్రాలూ లాగే బండి దమ్ము చేలోను, తడినేలలోను బాగుగా పనికివస్తుంది. తారురోడ్డు ఎక్కగానే ముందు చక్రాల లాగుడును విడదీయవలె. లేకున్న టైర్లు అరిగి, పండ్లచక్రాలమీద అనవసరపు బరువు పడుతుంది. వెనుక బ్రేకులకు రెండు పెడళ్ళు ఉంటాయి. చేలో వేరువేరుగా త్రొక్కితే బండి ఇరుకున మలుగుతుంది. రోడ్డుమీద మాత్రం ఆ రెండింటినీ కొక్కెంతో కలిపి ఉంచవలె. వేగంగా పోతూ ఒక్కటే త్రొక్కితే బండి అడ్డంతిరిగి బోర్లాపడుతుంది.

ప్రాణాల ప్రస్తావన వచ్చినది కనుక ఇక్కడ కొంత ఆగుతాను. బురదలో వెనుక చక్రాలు దిగబడినప్పుడు, చక్రాలకు అడ్డంగా దుంగ కట్టి బండిని పైకి లేపే అలవాటు మన పల్లెలలో ఉన్నది. చక్రం తిరగలేకపోతే ఇంజను బలం ఊరుకోదు. చక్రాన్ని త్రిప్పడానికి బదులు బండినే ఇరుసు చుట్టూ పైకి లేపుతుంది. ముందుభాగం లేచి, వెనుకకు తిరగబడి, నడిపేవానిమీద పడడానికి రెండు క్షణాలు చాలును. క్లచ్చి త్రొక్కే వ్యవధి కూడ ఉండదు. దిగబడిన బండిని మరొక బండితో లాగించడమే దారి. లాగే గొలుసు కూడ ఇరుసు కంటె క్రిందనున్న డ్రాబారుకే తగిలించవలె. పై లింకుకు తగిలిస్తే, లాగే బండికి కూడ అదే గతి. తిరగబడినప్పుడు కాపాడే ఇనుప చట్రం, దానితో బెల్టు ఉన్న బండి దొరికితే కొంచెం ఎక్కువ పెట్టి అయినా కొనడం మంచిది. చట్రం ఉన్నప్పుడే బెల్టు పెట్టుకొనవలె.

వెనుక తిరిగే పి.టి.ఓ. షాఫ్టు నిమిషానికి 540 సారులు తిరుగుతుంది. అనగా క్షణానికి తొమ్మిది చుట్లు. పంచె కొస, భుజంమీది కండువా, చీర కొంగు ఏది చిక్కినా విడిపించుకొనే వ్యవధి లేదు. దానిమీది తొడుగును అడ్డమని తీసి మూల పడవేయకండి. రోటవేటరు కత్తులలో గడ్డి చుట్టుకొంటే ముందు ఇంజను ఆపి, తరువాత దిగండి.

ట్రాలీలో కూలీలను ఎక్కించుకొని పోవడం మరొక అలవాటు. 2018 ఏప్రిల్‌లో నల్లగొండ జిల్లాలోను, జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ వద్దను కూలీలతో పోతున్న ట్రాక్టర్లు కాలువలలో పడినవి. మరణించినవారిలో ఎక్కువమంది నాట్లకో, కలుపుకో పోయే స్త్రీలు. ట్రాలీ సరుకు కొరకు చేసినది. మినీ ట్రాక్టరు తేలిక బండి కనుక, బరువైన ట్రాలీ పల్లంలో దానిని వెనుకనుండి నెట్టుకొనిపోతుంది. చిన్న బండి గదా, ఏమవుతుందిలే అనుకొనరాదు. మడ్‌గార్డుమీద పిల్లవానిని కూర్చుండబెట్టుకొని ఊరంతా త్రిప్పే తండ్రులను చూస్తూనే ఉన్నాము. ముద్దు వేరు, అది వేరు.

సంరక్షణ సంగతులు బండితో వచ్చే పుస్తకంలో ఉంటాయి. చాలా బండ్లకు మొదటి యాభై గంటలకే ఇంజను నూనె మార్చవలసి ఉంటుంది. కొత్తలో అరిగిన సన్నని లోహపుపొడి అందులో చేరుతుంది గనుక. దమ్ము చేసిన సాయంకాలం చక్రాలను, ఇరుసుల సీళ్ళను కడిగి గ్రీజు పెట్టండి. ఊక, చెత్త అడ్డుపడిన రేడియేటరు జల్లెడను ఊడ్చండి. డీజిలు ట్యాంకును రాత్రి ఖాళీగా ఉంచితే గాలిలోని తేమ నీరై లోపల చేరుతుంది. కనుక పని ముగిసిన వెంటనే నింపి, పరికరాన్ని నేలమీదికి దింపి, తాళపుచెవి తీసి పిల్లలకు అందని చోట తగిలించండి.